చేతికి దొరికినవాడికే శిక్ష

2020 జనవరి. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు, అరిసెలకి బెల్లం కొనడానికి పూర్ణా మార్కెట్‌కి వెళ్లాను. పండగ ముందు ఆ మార్కెట్ ఎలా ఉంటుందో విశాఖ వాళ్లకి చెప్పక్కర్లేదు. మూటలెత్తిన కళాసీలు 'సైడ్, సైడ్' అంటూ మీదకొచ్చేస్తుంటారు, ఒక తోపుడు బండికీ ఇంకో బండికీ మధ్య ఒళ్లు పక్కకి తిప్పుకుని నడవాలి. ఉల్లిపాయల కొట్ల దగ్గర ఎవరో "దొంగ, పట్టుకోండి" అని అరిచారు. నేను అక్కడికి చేరేసరికి ఆ కుర్రాణ్ణి కరెంటు స్తంభానికి కట్టేశారు. బస్తాలు కట్టే కొబ్బరి తాడు. ఇరవై ఏళ్లుంటాయేమో. ఒక కాలికి చెప్పు లేదు. జేబులో దొరికిన ఫోన్‌ని ఒకాయన చెయ్యెత్తి అందరికీ చూపిస్తున్నాడు.

ఒక ఆటో అతను నా పక్కన నిలబడి, "స్టేషన్‌కి పట్టుకెళ్తే సాయంత్రానికి బయటకొచ్చేస్తాడు సార్, నాలుగు ఇక్కడే తగిలించాలి" అన్నాడు. అన్నాక వెళ్లి కొట్టాడు. కూరగాయలు కొనడానికొచ్చిన పెద్దాయన సంచీ కింద పెట్టి మరీ కొట్టాడు. నేనూ కొట్టాను. ఒక్క దెబ్బ, ఎడమ చెంప మీద. చెమటకి చెంప తడిగా ఉంది. నా అరచెయ్యి చుర్రుమంది. ఇన్నేళ్లయినా నాకు గుర్తున్నది ఆ దెబ్బ కాదు, అతని చూపు. అతను నన్ను చూడలేదు. నా వెనకనుంచి లేవబోయే చేతిని చూస్తున్నాడు.

ఇలాంటి కథల్లో చివరికి ఆ కుర్రాడు నిర్దోషి అని తేలుతుంది. ఇక్కడ అలా తేలలేదు. అతను దొంగే. ఫోన్ అతని జేబులోనే దొరికింది, తీస్తుండగా చూసినవాళ్లు ఉన్నారు. అందుకే ఇది రాయడానికి నాకింత కాలం పట్టింది. తప్పు చేయనివాణ్ణి కొట్టి ఉంటే తలదించుకుని క్షమాపణ చెప్పి ఊరుకునేవాణ్ణి. తప్పు చేసినవాణ్ణి కొట్టినా ఎందుకు నిద్రపట్టడం లేదన్నది నేను తేల్చుకోవాల్సి వచ్చింది.

కొట్టడానికి నాకు కారణం ఉంది. 2016లో, గోపాలపట్నంలో మా ఇంటి ముందు, ఇంకా చీకటి విడకముందే అమ్మ కళ్లాపి చల్లి ముగ్గు వేస్తోంది. వంగి ఉన్న మనిషి మెడలోంచి వెనకనుంచి బైక్ మీద వచ్చినవాడు గొలుసు లాగాడు. మూడు తులాల గొలుసు, వెంటనే తెగలేదు. నాలుగు గజాలు ఈడ్చుకుపోయారు. నేను బయటికి పరిగెత్తుకొచ్చేసరికి అమ్మ గుమ్మం ముందు కూర్చుని ఉంది, మోచేతుల నిండా ముగ్గుపిండి, ఆ తెలుపులోంచి రక్తం ఊరుతోంది. మెడ చుట్టూ ఎర్రగా గాటు. ఆ గాటు మానినా ఆవిడ ఆ తర్వాత చాలా రోజులు తలుపు తీసి వాకిట్లోకి వెళ్లలేదు. ముగ్గు నేనే వేశాను, వంకరటింకరగా.

కేసు పెట్టాం. కొన్ని నెలలకి ఒకణ్ణి పట్టుకున్నారు, వేరే గొలుసు దొంగతనంలో దొరికాడట. గుర్తింపు పరేడ్‌కి రమ్మని కబురొచ్చింది. అడవివరం దగ్గర సెంట్రల్ జైలుకి అమ్మని తీసుకెళ్లాను. నన్ను బయటే ఆపేశారు. లోపల మేజిస్ట్రేట్ గారి ముందు ఒకే ఈడు, ఒకే ఒడ్డూపొడుగూ ఉన్నవాళ్లని వరసగా నిలబెట్టి, వీళ్లలో ఎవరమ్మా అని అడిగారట. అమ్మ ఒక్కొక్కరి మొహం చూసి, తెలీదు బాబూ అని చెప్పి వచ్చేసింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నేను ఆవిడ మీద అరిచాను. "ఎవరో ఒకణ్ణి చూపించొచ్చు కదమ్మా, పోలీసులు ఊరికే పట్టుకొచ్చి పెడతారా?" అన్నాను.

"నాకు కనబడింది వాడి వీపురా. చూడని మొహాన్ని ఎలా చూపించమంటావు?" అంది.

ఆ మాట నాకు అప్పుడు చేతకానితనంలా వినబడింది. గొలుసు దొరకలేదు. కేసు ఎటూ తేలలేదు. నాలుగేళ్ల ఆ కోపాన్నే పూర్ణా మార్కెట్‌లో ఆ కుర్రాడి చెంప మీద దించుకున్నాను. అమ్మ గొలుసు లాగింది అతను కాదు. అతనితో నాకు ఏ లెక్కా లేదు. అతను స్తంభానికి కట్టేసి ఉన్నాడు, నా చేతికి అందాడు, అంతే.

దానికి నెలన్నర ముందు దేశమంతా ఒక కోపంలో ఉంది. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిపై జరిగిన ఘోరం మనందరికీ తెలుసు. ఆ వారమంతా నేను పేపరు తీయడానికి భయపడ్డాను. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులనీ పోలీసులు కాల్చి చంపారు. అక్కడ జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఇక్కడ మా ఆఫీసులో పదకొండింటికి లడ్డూలు పంచారు. నేను రెండు తిన్నాను. ఇంటికొచ్చి అమ్మకి చెప్తే ఆవిడ, "ఆ పిల్ల తల్లికి కొంచెం చల్లబడుతుందేమో" అని మాత్రం అంది.

ఆ చల్లబడటాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. బిడ్డని పోగొట్టుకున్నవాళ్లకి చట్టం గురించి ఉపన్యాసం ఇచ్చే అర్హత నాకు లేదు, ఎవరికీ లేదు. నేను మాట్లాడేది లడ్డూ తిన్న మనందరి గురించి. ఆ నలుగురూ తుపాకులు లాక్కున్నారని, ఆత్మరక్షణకి కాల్చామని పోలీసులు చెప్పారు. సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పుర్కర్ నాయకత్వంలో కమిషన్ వేసింది. 2022 మేలో బయటికొచ్చిన ఆ నివేదిక పోలీసుల మాట నమ్మదగ్గది కాదంది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసుల మీద హత్య కేసు నడపాలని చెప్పింది. నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని కూడా తేల్చింది. విచారణే జరగలేదు కాబట్టి వాళ్లలో ఎవరు ఏం చేశారన్నది ఏ కోర్టులోనూ తేలలేదు. తేలే దారి కూడా ఇక లేదు. ఆ ఘోరంలో ఇంకెవరిదైనా చెయ్యి ఉందా, రాత్రి కూతురు తిరిగి రాలేదని తిరిగిన ఆ కుటుంబాన్ని పోలీస్ స్టేషన్ల చుట్టూ ఎవరు ఎలా తిప్పారు అన్న ప్రశ్నలన్నీ ఆ పొలంలోనే పడిపోయాయి. నివేదిక వచ్చిన రోజు మా ఆఫీసులో దాని గురించి ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

"దొరికినవాడు నేరం చేసినవాడే అయితే?" అని మీరు అడగొచ్చు. అయితే అన్న ఆ చిన్న మాట దగ్గరే మన రాష్ట్రం ఒక మనిషి జీవితాన్ని పారేసుకుంది. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో, హాస్టల్లో ఒక బీఫార్మసీ విద్యార్థినిని చంపేశారు. 2008 ఆగస్టులో పోలీసులు ఒక దళిత కుర్రాణ్ణి తెచ్చి వీడే అన్నారు. 2010లో కింది కోర్టు యావజ్జీవం వేసింది. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు అతను నిర్దోషి అని తేల్చి, లక్ష రూపాయలు పరిహారం ఇవ్వమంది. ఎనిమిదేళ్లకి పైగా జైల్లో ఉన్నాడు. ఆ అమ్మాయి తల్లిదండ్రులు మొదటినుంచీ చెప్తూనే ఉన్నారు, ఇతను కాదు, అసలువాళ్లు వేరే ఉన్నారని. కూతుర్ని పోగొట్టుకున్న తల్లి ఆ మాట చెప్తుంటే మనం వినలేదు. ఎవరో ఒకరు దొరికారు కదా అని మన మనసు కుదుటపడింది.

అదే 2008 డిసెంబరులో వరంగల్‌లో యాసిడ్ దాడి కేసు నిందితులు ముగ్గుర్ని పోలీసులు కాల్చేశారు. అప్పుడూ పూలదండలే. ఇబ్రహీంపట్నం కేసులో పట్టుకున్న కుర్రాణ్ణి కూడా అలాగే ఏ పొలంలోకో తీసుకెళ్లి ఉంటే మనం చప్పట్లు కొట్టేవాళ్లం. 2017 తీర్పు వచ్చేదే కాదు. అతను ఎప్పటికీ ఆ పిల్లని చంపినవాడిగానే మిగిలిపోయేవాడు, అతని తల్లి హంతకుడి తల్లిగానే.

గుంపుకి ఆ ఎనిమిదేళ్లు కూడా అక్కర్లేదు. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరిగాయి, మా ఫ్యామిలీ గ్రూపులోనూ తిరిగాయి. జూలైలో బీదర్ జిల్లాలో, పిల్లలకి చాక్లెట్లు ఇచ్చారని, హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని ఊరంతా కలిసి చంపేసింది. అదే నెల 17న సుప్రీంకోర్టు ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయి అధికారి మూకదాడుల మీద కన్నేసి ఉంచాలని చెప్పింది, వాట్సాప్ సంస్థ తనే ఫార్వర్డ్‌లని ఐదుకి కుదించింది. ఆ మెసేజ్‌ని మా గ్రూపులో ఫార్వర్డ్ చేసిన మా బంధువు ఇప్పటికీ, జాగ్రత్త కోసం పంపాను, తప్పేముంది అంటాడు.

ఇక మన ఊరికి వస్తాను. ఎన్‌కౌంటర్‌ని మెచ్చుకునే ప్రతి విశాఖ మనిషీ వాకపల్లి సంగతి ఒక్కసారి తలుచుకోవాలని నా కోరిక. 2007 ఆగస్టు 20న, విశాఖ మన్యంలో, మావోయిస్టుల కోసం కూంబింగ్‌కి వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని వాకపల్లి ఆదివాసీ స్త్రీలు 11 మంది ఫిర్యాదు చేశారు. ఊళ్లో అనలేని మాట, ఇంట్లో చెప్పుకోలేని మాట, కొండ దిగొచ్చి చెప్పారు. దర్యాప్తు చేయాల్సిందీ పోలీసులే. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి, కొట్టేయడానికి వీల్లేదనిపించుకుని, విశాఖలో ప్రత్యేక కోర్టులో విచారణ మొదలయ్యేసరికి పదేళ్లు దాటిపోయాయి. 2023 ఏప్రిల్ 6న తీర్పొచ్చింది. 13 మంది పోలీసులూ నిర్దోషులు. దర్యాప్తు సరిగ్గా చేయలేదని కోర్టే తప్పుపట్టింది, బాధితులకి పరిహారం ఇవ్వమంది. జరగలేదని నమ్మితే పరిహారం ఎందుకు? జరిగిందనుకుంటే శిక్ష ఎవరికి? ఆ ఆడవాళ్లు వీటికి జవాబు లేకుండానే కొండెక్కారు.

చటాన్‌పల్లి జరిగిన వారానికే, 2019 డిసెంబరు 13న మన శాసనసభ అత్యాచార కేసుల కోసం దిశ బిల్లు పాస్ చేసింది. వారం రోజుల్లో దర్యాప్తు, రెండు వారాల్లో విచారణ, 21 పనిదినాల్లో తీర్పు అన్నారు. అదే రాష్ట్రంలో వాకపల్లి కేసు అప్పటికి పన్నెండేళ్లుగా నడుస్తోంది. వాళ్ల కోసం ఎవరూ తుపాకీ తీయమనలేదు. తీయమన్నా ఎవరు తీస్తారు? తుపాకీ ఎవరి చేతిలో ఉందో కేసు వాళ్ల మీదే. తక్షణ న్యాయం అని మనం ముద్దుగా పిలుచుకునేది ఎప్పుడూ పైనుంచి కిందకే పారుతుంది. ఎన్‌కౌంటర్ అయిన నలుగురూ లారీ డ్రైవర్లూ క్లీనర్లూ. పలుకుబడి ఉన్నవాడి కొడుకు అలాంటి కేసులో ఇరుక్కుంటే వాణ్ణి తెల్లవారుజామున పొలంలోకి తీసుకెళ్లిన సందర్భం నాకు ఒక్కటీ గుర్తురావడం లేదు.

స్తంభం దగ్గర కొట్టిన నాలుగు నెలలకి నాకు ఇది ఒంటికి తెలిసింది. 2020 మే 7, తెల్లవారుజాము. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ గ్యాస్ లీకైంది. మా ఇల్లు ఆ వెంకటాపురానికి ఎంతో దూరం లేదు. కళ్లు మండి లేచాం. ప్లాస్టిక్ కాలినట్టూ, ఏదో తియ్యగా ఉన్నట్టూ వాసన. అమ్మ మొహానికి తడి టవల్ చుట్టి స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని ఎటు గాలి వీస్తోందో తెలీకుండా సింహాచలం వైపు పోనిచ్చాను. రోడ్డు పక్కన ఆవులు పడి ఉన్నాయి. మనుషులు కూడా పడి ఉన్నారు, నేను ఆగలేదు. పన్నెండు మంది చనిపోయారు. రెండు రోజులకి ఊరివాళ్లు శవాల్ని ఫ్యాక్టరీ గేటు ముందు పెట్టి ఏడ్చారు, పోలీసులు వాళ్లని పక్కకి నెట్టారు. జూలైలో సంస్థ సీఈఓతో సహా 12 మందిని అరెస్టు చేశారు, ఆగస్టులో బెయిల్ వచ్చింది.

బెయిల్ రావడాన్ని నేను తప్పుపట్టడం లేదు. చట్టం ప్రకారం ఎవరికైనా రావాల్సిందే. నేను చెప్పేది వేరే. ఆ రోజు గేటు ముందున్న వాళ్ల కోపం పూర్ణా మార్కెట్‌లో మా కోపం కంటే వెయ్యి రెట్లు ఎక్కువ, వెయ్యి రెట్లు న్యాయమైంది. అయినా వాళ్ల చేతికి ఎవరూ అందలేదు. ఫోన్ తీసినవాడికి కొబ్బరి తాడు, ఊరి ఊపిరి తీసినదానికి వాయిదాలు. భోపాల్‌లో 1984 డిసెంబరులో వేలమంది చనిపోతే, 2010 జూన్‌లో ఏడుగురు అధికారులకి పడింది రెండేళ్ల జైలు. అదే రోజు బెయిల్ మీద ఇళ్లకి వెళ్లారు. గుంపు న్యాయం గొప్పదనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి. గుంపు ఎప్పుడైనా గేటు లోపలికి వెళ్లగలిగిందా?

ఒక్కసారి వెళ్లిందని ఒప్పుకోవాలి. 2004 ఆగస్టు 13న నాగపూర్ జిల్లా కోర్టులో, కోర్టు హాల్లోనే, కస్తూర్బానగర్ బస్తీ ఆడవాళ్లు కారం పొడి, కూరగాయల కత్తులతో అక్కు యాదవ్ అనే గూండాని చంపేశారు. ఏళ్ల తరబడి ఆ బస్తీలో అత్యాచారాలు, హత్యలు చేశాడని వాళ్ల గోడు. ఫిర్యాదు చేయడానికి వెళ్లినవాళ్ల సంగతి పోలీసులే అతనికి చెప్పేవారట. 2014లో ఆ కేసులో అందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. ఈ ఒక్క ఉదంతం దగ్గర నా వాదన తడబడుతుంది. వాళ్లది తప్పని ఆ ఆడవాళ్ల మొహం చూసి నేను అనలేను. వాళ్లు బలహీనుడి మీద పడలేదు, తమని ఏళ్లుగా తొక్కినవాడి మీద పడ్డారు. కానీ ఆ ఉదంతాన్ని అడ్డం పెట్టుకుని మార్కెట్లో ఫోన్ దొంగని కొట్టే హక్కు మాత్రం నాకు లేదు.

ఇంతవరకూ గుంపు గురించి చెప్పాను. కోర్టు వేసే శిక్షలు మాత్రం అన్నీ న్యాయంగా ఉన్నాయా అంటే, లేవు. గుంపుకి కోపం రావడానికి ఒక కారణం అదే. పాత శిక్షాస్మృతిలో ఫోన్ దొంగతనానికి 379 కింద మూడేళ్ల దాకా జైలు. నిర్లక్ష్యంతో మనిషి ప్రాణం తీస్తే 304ఏ కింద రెండేళ్ల దాకానే. ప్రాణం కంటే ఫోన్ ఖరీదైందా అని ఎవరూ అడగకుండానే నూట యాభై ఏళ్లు గడిచాయి. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్య మరణానికి ఐదేళ్లు చేశారు. మొదటిసారి ఐదు వేల రూపాయల లోపు సొత్తు దొంగిలించి, తిరిగి ఇచ్చేస్తే జైలు బదులు సమాజసేవ చేయించమన్నారు. ఈ రెండూ మంచి మార్పులే. అన్నట్టు, నేను వేసిన ఆ దెబ్బకి కూడా పాత చట్టంలో సెక్షన్ ఉంది, 323, ఏడాది దాకా జైలు. స్తంభం చుట్టూ ముప్ఫై మందిమి ఉండుంటాం. ఒక్కరి మీదా కేసు లేదు.

మన ఉమ్మడి విశాఖ జిల్లాకి సంబంధించి నన్ను ఎక్కువ బాధపెట్టేది గంజాయి కేసులు. కోర్టులో క్రిమినల్ కేసులు చూసే నా స్నేహితుడు ఒకడు ఉన్నాడు, వారానికి ఒకసారి టీ తాగుతూ ఇవే చెప్తుంటాడు. మన్యంలో కొండ మీద నుంచి రోడ్డు దాకా మూట మోస్తే కూలి ఇస్తామంటారు. మోసేవాడు పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రాడు. మూటలో ఏముందో అతనికి తెలీదని నేననను, తెలుసు. మూట ఎవరిదో, ఎక్కడికి పోతుందో తెలీదు. చెక్‌పోస్టు దగ్గర తూకం వేస్తారు. మాదకద్రవ్యాల చట్టం ఎన్‌డీపీఎస్‌లో గంజాయి 20 కిలోలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ. అంటే తక్కువలో తక్కువ పదేళ్లు, ఆపైన లక్ష రూపాయల జరిమానా. జడ్జి గారికి జాలి కలిగినా పదేళ్ల కంటే తగ్గించే అధికారం లేదు. ఒక కిలో తక్కువ తూగి ఉంటే తగ్గించే వీలుండేది. బెయిల్ కావాలన్నా, ఇతను నేరం చేయలేదని నమ్మడానికి కారణం ఉందని జడ్జికి అనిపించాలి. మూట భుజం మీద దొరికినవాడికి అది ఎలా అనిపిస్తుంది?

2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోల గంజాయిని పోలీసులు తగలబెట్టారు. టీవీలో ఆ పొగ చూశాం. ఆ రెండు లక్షల కిలోలకీ ఎవరో పెట్టుబడి పెట్టారు, లారీలు మాట్లాడారు, ఎక్కడో కొనేవాళ్లున్నారు. మరి అడవివరం జైల్లో గంజాయి కేసుల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఎవరు? మా స్నేహితుడు ఒక్క ముక్కలో చెప్తాడు: "మోసినోళ్లే గురూ, పంపినోడు నాకు ఇంతవరకూ క్లయింట్‌గా రాలేదు." తూకం రాయి చూసే శిక్ష మనిషిని చూడదు. మూట మోసినవాడికీ, మూట సొంతదారుకీ ఒకటే పదేళ్లు అన్నప్పుడు, సొంతదారు ఎప్పుడూ దొరకనప్పుడు, ఆ పదేళ్లూ ఎవరి నెత్తిన పడతాయో వేరే చెప్పాలా? పూర్ణా మార్కెట్ స్తంభానికీ దీనికీ ఉన్న పోలిక నన్ను వదలడం లేదు. చట్టం కొబ్బరి తాడు వాడదు, అంతే తేడా.

తేడా చిన్నది కాదని కూడా నాకు తెలుసు. కోర్టు తప్పు చేస్తే పై కోర్టు ఉంది. ఇబ్రహీంపట్నం కేసులో ఆలస్యంగానైనా ఆ తలుపు తెరుచుకుంది. అందుకే శిక్షలు బాగోలేవు కాబట్టి గుంపే మేలు అనే మాటని నేను ఒప్పుకోను. శిక్షలు బాగోకపోతే శిక్షల్ని బాగుచేయమని అడగాలి. ఏ నేరానికి ఎంత శిక్ష, ఏ పరిస్థితుల్లో తగ్గించాలి, ఎప్పుడు పెంచాలి అన్నదానికి జడ్జీలకి ఒక కొలబద్ద కావాలని నేర న్యాయ సంస్కరణల మీద కేంద్రం వేసిన మలిమత్ కమిటీ 2003లో చెప్పింది, ఇప్పటికీ లేదు. పది లక్షల జనాభాకి 50 మంది జడ్జీలు కావాలని లా కమిషన్ 1987లో చెప్పింది, 2023లో కూడా మంజూరైన పోస్టుల లెక్కనే మనం 21 దగ్గర ఉన్నాం. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5.73 లక్షల మంది ఉంటే, అందులో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే. నలుగురిలో ముగ్గురికి నేరం రుజువు కాలేదు, శిక్ష మాత్రం అనుభవిస్తున్నారు. 'సాయంత్రానికి బయటకొచ్చేస్తాడు' అన్న ఆటో అతని మాట వాళ్లలో ఎవరికి వర్తిస్తుంది? లాయర్ని పెట్టుకోగలిగినవాడికి వర్తిస్తుంది. ష్యూరిటీ ఇచ్చేవాళ్లు లేనివాడు ఫోన్ దొంగతనానికైనా నెలలకి నెలలు లోపలే ఉంటాడు.

ఉరిశిక్షలు పెంచితే భయం పుడుతుందని కొందరు మిత్రులు వాదిస్తారు. మా అమ్మ గొలుసు లాగినవాడికి ఆ క్షణంలో మూడేళ్లా పదేళ్లా అన్న ఆలోచన వచ్చి ఉంటుందని నేననుకోను. దొరకను అన్న ధీమా ఉంది, నిజంగానే దొరకలేదు. ఆ వీధిలో పనిచేసే కెమెరా ఒకటి ఉంటే, రాత్రి గస్తీ ఉంటే, ఆ ధీమా పోయేది. ఇవి ఉరితాడంత గట్టిగా వినబడవు, వీటి కోసం కొవ్వొత్తులు పట్టుకుని బీచ్ రోడ్డులో ఎవరూ నడవరు.

పూర్ణా మార్కెట్ సంగతిలో ఒకటి చెప్పడం మిగిలిపోయింది. ముప్పావు గంటకి కానిస్టేబుల్ వచ్చాడు. తాడు విప్పించి, "కంప్లైంట్ ఎవరిస్తారు? ఫోన్ ఎవరిది?" అని అడిగాడు. ఫోన్ సొంతదారు అప్పటికే ఫోన్ తీసుకుని వెళ్లిపోయాడు. పట్టుకున్నవాళ్లు తమ కొట్లలోకి వెళ్లిపోయారు. కొట్టడానికి అన్ని చేతులు లేచాయి, సంతకం పెట్టడానికి ఒక్క చెయ్యి లేదు. నేను బెల్లం సంచీ పట్టుకుని నిలబడ్డాను. చూశాను అని చెప్తే, కొట్టాను అని కూడా చెప్పాలి. చెప్పలేదు. కానిస్టేబుల్ ఆ కుర్రాణ్ణి కేజీహెచ్ ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఆటో పిలిచాడు. ఆ రోజు దొంగతనానికీ కేసు లేదు, దెబ్బలకీ కేసు లేదు. ఆ కుర్రాడు కనుబొమ్మ మీద కుట్లతో మళ్లీ అదే బజారుకి వచ్చి ఉంటాడు. మేం వాడికి నేర్పింది ఏమిటో నాకు తెలీదు. అమ్మకి ఈ సంగతి చాలా కాలం చెప్పలేదు. చెప్పినప్పుడు ఆవిడ, "నీకు వాడి మొహం గుర్తుందా?" అని అడిగింది. ఉందన్నాను. ఇంకేమీ అనలేదు.

పోయిన ఏడాది మా వీధి చివర మెడికల్ షాపు దగ్గర మళ్లీ అలాంటి గుంపే చేరింది. సైకిల్ దొంగ అన్నారు. ఈసారి పదహారేళ్లుంటాయేమో. ఎవరో బెల్టు తీశారు. నేను 112కి ఫోన్ చేసి, వాడి ముందు నిలబడ్డాను. ధైర్యంతో కాదు, కాళ్లు వణుకుతూనే ఉన్నాయి. నన్ను తిట్టారు, నీ ఇంట్లో పడితే తెలుస్తుంది అన్నారు. మా ఇంట్లో పడ్డారండీ, మా అమ్మ మెడ చూడండి అన్నాను. సైకిల్ సొంతదారు కూడా అక్కడే ఉన్నాడు, వెళ్లిపోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. "అన్నా, కంప్లైంట్ రాయి, నేను సాక్షి సంతకం పెడతాను" అన్నాను. గొణుక్కుంటూనే రాశాడు. స్టేషన్లో రెండు గంటలు కూర్చున్నాం. నేను చూసింది చెప్పాను: సైకిల్ ఈ పిల్లాడి దగ్గర ఉండగా చూశాను, తీస్తుండగా చూడలేదు. ఎస్సై గారు పెన్ను ఆపి, "తీస్తుండగా చూశానని రాస్తే గట్టిగా ఉంటుంది సార్" అన్నారు. చూడలేదండీ అన్నాను.

మైనర్ కాబట్టి కేసు జువెనైల్ బోర్డుకి వెళ్లింది. సాక్ష్యానికి రమ్మని మొన్న సమన్లు వచ్చాయి. వచ్చే నెల వాయిదా. ఆఫీసులో లీవ్ పెట్టాను. అమ్మ కూడా వస్తానంటోంది.